ఓడ దిగిన మోటారు

"మేస్టారండీ, ఆగండి! స్విచ్చి మీంచి చెయ్యి తీసెయ్యండి!"

వెస్లీ అరిచిన అరుపుకి నిత్యానందం మాస్టారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఎలక్ట్రీషియను వెస్లీ నూతి పక్కన బోర్లా పడుకుని, కొత్తగా బిగించిన మోటారు పొట్ట మీది ఇత్తడి రేకుని చొక్కా అంచుతో తుడిచి మరీ చదువుతున్నాడు.

"ఇది నూటపది వోల్టులదండీ! మన కరెంటు రెండొందల ముప్పై. వేశారంటే నీళ్లు రావండీ, పొగ వస్తది."

మాస్టారు వంగి ఆ రేకు వైపు చూశారు. విశాఖపట్నంలో పాత ఓడల సామాను అమ్మే కొట్లో ఏరి కోరి తెచ్చిన మోటారు అది. సముద్రం మీద తిరిగొచ్చిన మోటారుకి మన నుయ్యి ఒక లెక్కా అని దారి పొడుగునా మురిసిపోయారు. ఆ మురిపెంలో పొద్దున్నే నూతి గిలకనీ, దాన్ని మోసే స్తంభాలనీ కూడా పడగొట్టించేశారు.

కుడిచేతి సిమెంటు కట్టుని ఎడమ చేత్తో పట్టుకుని దానమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు దానమ్మా, చిన్న తేడా."

"సగానికి సగం తేడా అయితే చిన్నదంటారేంటండీ!" అన్నాడు వెస్లీ. పాపం, అబద్ధమాడటం అతనికి చేతకాదు.

దానమ్మకి వోల్టుల సంగతి తెలియదు గానీ, భర్త ముఖం చదవడం ముప్పై ఏళ్లుగా తెలుసు.

"రేపు పొద్దున్నే మనింట్లో ప్రార్థన కూడిక. ఎనభై మందికి భోజనాలు. డాబా మీద ట్యాంకు నిండకపోతే బియ్యం దేంతో కడగమంటారు? పోనీ గిలకైనా ఉంచారా? పైగా ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఇకమీదట మా ఇంట్లో చేద ముట్టుకునేవాళ్లే ఉండరని సాక్ష్యం కూడా చెప్పొచ్చారు!"

"కరెంటు తగ్గించే పెట్టె ఏలూరులో దొరుకుద్దండీ, అమ్మగారండీ," అన్నాడు వెస్లీ. "కాకపోతే ఇప్పుడు ఆరైందండీ. మనం వెళ్లేసరికి కొట్లు కట్టేస్తారు."

దానమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసేసరికి మాస్టారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గొప్పలకు పోయి విరిగిన చేతి మనిషి చేత కన్నీళ్లు పెట్టించాను కదా అని కుంచించుకుపోయారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి వెస్లీ మీద పడ్డారు.

"రెండొందల ముప్పై వస్తోందని నువ్వేమైనా చూశావుటోయ్?"

"చూడక్కర్లేదండీ, అది చిన్నపిల్లలక్కూడా తెలుసు," అంటూనే వెస్లీ సంచిలోంచి మీటరు తీసి రెండు తీగలూ ప్లగ్గులో పెట్టాడు. చూశాడు. మీటరుని అరచేత్తో తట్టి మళ్లీ చూశాడు. అతని కళ్లు చేటలంత అయ్యాయి.

"నూటపన్నెండు!"

"ఏమిటీ?"

"నూటపన్నెండేనండీ! చెరువుల మోటార్లన్నీ ఆడుతున్నాయి కదండీ. కరెంటంతా అవే తాగేస్తున్నాయి. లైను చివర మన వీధి. మనకి మిగిలింది సగమే!"

నిజమే. ఊరి చుట్టూ చేపల చెరువులే. సాయంత్రం వాటికి నీళ్లు తోడే మోటార్లు గుయ్యిమన్నాయంటే ఊళ్లో బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడతాయి, ఫ్యాన్లు ఏడుస్తూ తిరుగుతాయి. ఆ దిక్కుమాలిన కరెంటుని పదేళ్లుగా తిట్టిన నోటితోనే మాస్టారు కేక పెట్టారు.

"స్తోత్రం! వెయ్యవోయ్ స్విచ్చి!"

"వేస్తానండీ. కానీ కరెంటు ఏమాత్రం పెరిగినా మోటారు మసైపోద్ది. చెరువులవి ఆడినంతసేపే మనదీను."

స్విచ్చి పడింది. మోటారు ఒక్కసారి దగ్గి, గొంతు సవరించుకుని, హోరుమంది. గొట్టం వణికింది. మరుక్షణం డాబా మీది ట్యాంకులో దబదబా నీళ్లు పడ్డాయి. వెస్లీ మెట్లెక్కి పైకి పరిగెత్తాడు. దానమ్మ కట్టు సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టబోయి, అబ్బా అని, మళ్లీ నవ్వేసింది.

ఆ హోరు విని వీధి వీధంతా పెరట్లోకి వచ్చిపడింది. ఆ వేళప్పుడు ఊళ్లో ఏ ఇంటి మోటారూ మూలగడమే తప్ప తిరిగిన పాపాన పోలేదు మరి.

"మావన్నీ పడుకున్నాయి కదండీ, మీదెలా తిరుగుతోందండీ మేస్టారండీ?"

"ఓడదమ్మా, ఓడది!" అన్నారు మాస్టారు. అంతకంటే ఒక్క ముక్క చెబితే ఒట్టు. ఛాతీ అప్పటికే రెండంగుళాలు పెరిగింది. మోటారు చుట్టూ మూగిన జనం మధ్య పెళ్లికొడుకులా నిలబడ్డారు.

"అడుగు ఎక్కిందండోయ్!" పైనుంచి అరిచాడు వెస్లీ.

"ఇంకో మూడడుగులు ఎక్కితే చాలండీ, రేపు వంటకి సరిపోద్ది!" అంది దానమ్మ, ఆకాశం వైపు చూసి కళ్లొత్తుకుంటూ.

అప్పుడే ఎదురింటి జగ్గారావు సైకిలు గోడకి పడేసి, జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చాడు. చెరువుల రైతులందరికీ అతని మాటంటే గురి. చెమటలు కక్కుతున్నాడు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"మేస్టారండీ, మీ ఇంట్లో కూడిక అంటే మా ఇంట్లో శుభకార్యం కాదాండీ! అమ్మగారి చెయ్యి చూసి మనసాగలేదు. ఒక్కొక్క చెరువుకీ వెళ్లి బతిమాలొచ్చానండీ, ఆరున్నర కొట్టగానే అందరూ ఒక్కసారే మోటార్లు ఆపేస్తామన్నారు. అదుగో, వినండి, ఒక్కటీ ఆడట్లేదు... ఇక మీకు ఫుల్ కరెంటేనండీ!"