జబ్బు లేని పేషెంటు

"నా పరీక్ష ఇవాళే కదమ్మా?"

కౌంటర్ దగ్గరికొచ్చిన ఆవిడకి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. స్వెట్టర్ గుండీలు ఒకదాని కన్నంలో ఇంకొకటి పెట్టుకుంది.

రిసెప్షనిస్టుకి పొద్దుటి నుంచీ ఒళ్ళంతా ఆవిర్లు. యాభై రెండేళ్ళ మనిషి. ఫ్యాన్ కింద కూర్చున్నా మెడ వెంట చెమట కారుతోంది.

"ఏ డాక్టరండీ?"

"గుర్తు లేదు."

"ఏం జబ్బు?"

"జబ్బేం లేదు. మీరిచ్చిన బిళ్ళలు వేసుకున్నాను. ఏటా వచ్చి చెబుతాను."

"ఏం చెబుతారు?"

"మీరేం అడిగితే అది."

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు.

రిసెప్షనిస్టు పేరడిగి కంప్యూటర్‌లో కొట్టి చూసింది. లేదు. పాత ఫైళ్ళ గదికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. రెండో అంతస్తుకి వెళ్ళమంది. అక్కడివాళ్ళు మందుల షాపుకి పంపారు. షాపతను మళ్ళీ ఇక్కడికే పంపాడు.

మూడోసారి వచ్చేసరికి ఆవిడ ఆయాసంతో బల్ల పట్టుకుని నిలబడింది.

"రాసుకోకుండా పంపేస్తే ఎలాగమ్మా?"

"నన్నేం చెయ్యమంటారు పెద్దమ్మా? మీ పేరు మీద ఏమీ లేదు. ఇంటికెళ్ళండి."

విసుక్కున్నానని తనకీ తెలిసింది. వెనక ఇంకా ఇరవై మంది.

కోడలు వెతుక్కుంటూ వచ్చింది. "చెప్పకుండా వచ్చేశారండీ" అంటూ అత్తగారి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

నెల తిరిగాక, డ్యూటీ దిగి, రిసెప్షనిస్టే డాక్టరమ్మ ఎదుట కూర్చుంది.

"ఒళ్ళు మంటలు మేడమ్. నిద్ర లేదు. తెలిసినవాళ్ళ పేర్లు కూడా నోటికి రావడం లేదు."

"నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది?"

"ఏడాదిన్నర."

పరీక్షల కాగితాలన్నీ చూసి డాక్టరమ్మ చెప్పింది. "మీకు హార్మోన్ బిళ్ళలు ఇవ్వచ్చు. ఆవిర్లు తగ్గుతాయి, నిద్ర పడుతుంది."

"మా అక్కకి అరవై ఎనిమిది. అన్నీ మర్చిపోతోంది. తనకీ రాయండి."

"వద్దు. ఆ వయసులో కొత్తగా మొదలుపెడితే జ్ఞాపకశక్తికి మేలు మాట అటుంచి, చేటు జరగొచ్చు."

"మరి అక్క?"

"తీసుకురండి, చూద్దాం. మతిమరుపుని వెనక్కి తిప్పే మందు మాత్రం నా దగ్గర లేదు."

రిసెప్షనిస్టు కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది.

"చేటని ఎలా తెలిసింది మేడమ్?"

"ఒకప్పుడు మంచిదనుకునే ఇచ్చాం. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళు నలభై మంది, పరీక్ష కోసం వేసుకుంటామని ముందుకొచ్చారు. కొందరికి మతిమరుపు పెరిగింది. ఆపేశాం. ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి."

"వాళ్ళేమయ్యారు?"

"చాలామంది మళ్ళీ ఇటు రాలేదు. వాళ్ళ తప్పేం లేదు. ఒక్కావిడ మాత్రం ఏటా నా దగ్గరికి వచ్చేది. 'నాకెలా ఉందో రాసుకోండి, ఇంకొకరికి ఇవ్వకుండా ఉంటారు' అనేది."

రిసెప్షనిస్టు కుర్చీలో ముందుకి జరిగింది.

"ఆవిడ ఇప్పుడు ఎక్కడుంటారు మేడమ్?"

"పోయిన వారం చనిపోయిందట. కిందటి నెల కూడా వచ్చిందనీ, రాసుకునేవాళ్ళు లేక తిరిగెళ్ళిపోయిందనీ కోడలు ఫోన్ చేసి చెప్పింది."