రంగు కుదరని అతుకు

"మూడింటికల్లా అయిపోవాలి మేస్త్రీ," అన్నాడు వచ్చినాయన, కారు తలుపు తీసి చూపిస్తూ.

సీట్ల మేస్త్రి లోపలికి తొంగిచూశాడు. ముందు అద్దం కొత్తది. డ్యాష్‌బోర్డు మాత్రం పక్క సీటుకి ఎదురుగా జానెడు పొడుగున పగిలి ఉంది. ఎండకి పగిలితే అంచులు పైకి లేస్తాయి. ఇవి లోపలికి దిగబడ్డాయి. ఇరవై ఏళ్లుగా కార్లకి సీట్లు కుట్టి, బోర్డులు బాగుచేస్తున్నవాడికి ఇది ఎండ పని కాదని ఒకరు చెప్పక్కర్లేదు.

ఎవరికి తగిలిందని అడిగాడు.

భార్యకట. నెలన్నర కిందట. నడిపింది ఈయనే. క్షణంపాటు కునుకు పట్టిందట, ఆగి ఉన్న లారీని వెళ్లి కొట్టాడట. ఆమెని ఇవాళ మూడింటికి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తున్నారు.

"చచ్చినా ఆ బండి ఎక్కనంది. అందులో తీసుకెళ్తే నీతో కాపురమే వద్దు, మా అన్నయ్య దగ్గరికి పోతానంది. అది అమ్మేశాను, అదే కంపెనీది వేరే బండి కొన్నాను అని చెప్పాను." ఆయన పగులు మీద చెయ్యి పెట్టాడు. "గుద్దిన బండి ఎవడు కొంటాడు మేస్త్రీ? ఇంకోటి కొనే తాహతు నాకెక్కడిది?"

మేస్త్రికి జాలేసింది. ఇలాంటి కార్లు వీధికి నాలుగుంటాయి. సీట్లకీ స్టీరింగుకీ కొత్త తొడుగులు అప్పటికే వేయించుకొచ్చాడు. ఇక పట్టిచ్చేదల్లా ఈ పగులొక్కటే. అబద్ధమే అనుకో, కాపురం నిలబెట్టే అబద్ధం.

పైన ముఖమల్ గుడ్డ పరిచేస్తానన్నాడు మేస్త్రి, అరగంట పని. మెత్తటి గుడ్డ కింద గాడి తెలిసిపోతుందన్నాడాయన. పోనీ రెక్సిన్ తొడుగు కుడతానంటే కుట్లు తగులుతాయన్నాడు. ప్లాస్టిక్ మూత అతికిద్దామంటే అంచు తగులుతుందన్నాడు. బోర్డు మొత్తం మార్చాలంటే రెండు రోజులు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టరు కదరా నాయనా అనుకున్నాడు మేస్త్రి.

ఇక మిగిలింది పూడ్చడమే. పగులుని గాడిలా చెక్కి, లప్పం పెట్టి, ఆరాక సాండ్‌పేపర్‌తో రుద్దాలి.

"కాకపోతే రంగు కుదరదు సార్. బోర్డు బూడిద రంగు, నా లప్పం నలుపు. రంగు కలిపి కొట్టి ఆరబెట్టాలంటే రేపవుతుంది. అమ్మగారు తలుపు తీయగానే చూసేస్తారు."

"రంగు సంగతి వదిలెయ్. ఆవిడకి తెలియకుండా ఉంటే చాలు."

మేస్త్రి ఇంకో రెండుసార్లు చెప్పిచూశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చేసేదిలేక పనిలో దిగాడు.

లప్పం సగం ఆరగానే పాత రెక్సిన్ ముక్క ఒకటి దానిమీద నొక్కి తీశాడు. అలా చేస్తే బోర్డుకున్న కమలాతొక్క గరుకే లప్పానికీ వస్తుంది. ఇది అతని సొంత కిటుకు. ఆ మాట వినగానే ఆయన మొహం మొదటిసారి తేటపడింది. మొహం రోడ్డు వైపు తిప్పుకుని వేళ్లతో అతుకంతా తడిమాడు. పాపం, తను చేసిన పాడుపనిని చూడలేకపోతున్నాడు అనుకున్నాడు మేస్త్రి. ఇక్కడ గుబ్బుందన్నాడు, అక్కడ పల్లముందన్నాడు. మేస్త్రి మూడుసార్లు సరిచేసి, ప్రతిసారీ రెక్సిన్ ముక్క మళ్లీ నొక్కాడు.

చివరికి అతుకు చేతికి భేషుగ్గా కుదిరింది. చూడ్డానికి మాత్రం బూడిద రంగు బోర్డు మీద నల్ల జెర్రి పాకుతున్నట్టుంది. ఇలాంటి పని తన చేతిమీదుగా వెళ్తున్నందుకు మేస్త్రికి సిగ్గేసింది.

కాగితాల మీద సంతకాలు పెట్టాలని ఆయన ముందే ఆసుపత్రికి ఆటోలో వెళ్లిపోయాడు. లప్పం ఆరడానికి వేడిగాలి పట్టించి, మూడింటికి మేస్త్రే కారు తీసుకెళ్లి గేటు దగ్గర నిలిపాడు. లోపల ఇంకా పచ్చిగానే ఉంది, గట్టిగా నొక్కితే గుంట పడుతుందని ఆయన చెవిలో చెప్పాడు. ఆయన తలూపాడు.

చక్రాల కుర్చీలో ఆమెని తీసుకొచ్చారు. తల మీదుగా శాలువా కప్పుకుంది, మొహం దించుకుంది. నర్సు ఒక పక్క, భర్త ఒక పక్క పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టారు. మేస్త్రి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చూస్తుంది, ఇప్పుడు అరుస్తుంది అనుకున్నాడు. ఊరు పేరు తెలియని మనుషుల కాపురం తన లప్పం మీద ఆధారపడిందే అని భయమేసింది.

ఆమె చెయ్యి చాచింది. బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా నిమిరింది. నల్ల అతుకు మీదుగా వేళ్లు వెళ్లాయి. వెనక్కొచ్చాయి. మళ్లీ వెళ్లాయి.

"అది కాదు," అంది మెల్లగా. "నిజంగానే అమ్మేశారన్నమాట."

భర్త అవతలి వైపు నుంచి ఎక్కి తలుపేశాడు.

ఆమె వెనక్కి వాలి, తలుపు చప్పుడైన వైపు మొహం తిప్పి అడిగింది: "ఇంతకీ ఈ బండి ఏ రంగండీ?"