వెనక చక్రం నట్టు

“వద్దంటే వద్దు. ముప్పై ఏళ్ళు నేలమీద కూచోని చేసినాను. ఇప్పుడు బండిని ఉయ్యాల్లో పెట్టి జోకొట్టాల్నా?”

జనార్దనయ్య గొంతు వీధిలోకి వినబడుతోంది. పెంచలమ్మ అన్నం గిన్నె అందరి మధ్యా పెట్టి, మోకాలి మీద చెయ్యి ఊని మెల్లగా కూర్చుంది.

“ఉయ్యాల గాదయ్యా, స్టాండు. సైకిల్ని పట్టుకోని నడుమెత్తున నిలబెడతాది. బండిని తలకిందులు చెయ్యబళ్ళేదు, గొంతుక్కూచోబళ్ళేదు. రజిత ఫోన్లో చూపించింది గదా.”

“మూడు రోజులుగా ఇదే పాట. నీకెందుకే అంత తొందర?”

“పంతొమ్మిది బండ్లు చెయ్యాల గదా! నీ నడుం ఏం గావాల?”

నిరుడు పక్షవాతం వచ్చి జనార్దనయ్య కుడిచెయ్యి పడిపోయింది. ఉదయగిరి బస్టాండు దగ్గర, పెంచలమ్మ పక్కనుండి సామాన్లందిస్తూ వచ్చిన సైకిల్ షాపు మూతపడింది. ఎనిమిది నెలలు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, మూడు నెలల కిందట చేతికి కదలిక వచ్చిందంటూ లేచి, ఇంటి వరండాలోనే రిపేర్లు మొదలుపెట్టాడు. సాయంత్రం బండి వదిలి వెళ్ళినవాళ్ళు మర్నాడు పొద్దున వచ్చి తీసుకుపోతున్నారు. ఆ మాట నలుగురికీ తెలిసి, మొన్న ఆడపిల్లల హాస్టలు నుంచి పంతొమ్మిది సైకిళ్ళు వచ్చాయి. పది రోజుల్లో బడి తెరుస్తారు.

ఆత్మకూరులో మందుల షాపులో పనిచేసే కొడుకు ప్రశాంత్, ఆ సంగతి విని తొలి బస్సుకే వచ్చాడు.

“స్టాండూ వద్దు, ఏమీ వద్దు” అన్నాడు. “ఆ బండ్లు వాపసు పంపించేద్దాం. ఆడపిల్లలు తొక్కేవి నాయనా. ఆ దిగుడు రోడ్డులో ఒక్క బ్రేకు పట్టకపోతే ఎవరు జవాబు చెప్తారు?”

“మూణ్ణెల్లలో ఒక్క బండి తిరిగొచ్చిందా? మీ చెల్లెల్నడుగు.”

“రాలేదన్నా” అంది రజిత. “నిన్న గూడా నారాయణయ్య మామ సైకిలు చేసినాడు నాయన. వెనక చక్రం నట్టు బిగిస్తుంటే సాయంత్రం నేనే చూసినాను. అదో, అక్కడే ఉండాది. మామ ఇంకా తీసకపోలేదు.”

ప్రశాంత్ చెయ్యి కడుక్కుని లేచాడు. వరండాలోకి వెళ్ళి పానా తీసుకుని తండ్రి ముందుకొచ్చాడు.

“ఆ నట్టు ఒకసారి విప్పు. విప్పితే స్టాండు నేనే కొనిస్తా. లేదంటే సామాన్లన్నీ అమ్మేద్దాం. సరేనా?”

“అన్నం కాడ ఈ పరీక్షలేందిరా!” అంది పెంచలమ్మ. “నీకు బుద్ధుండాదా?”

“ఉండనియ్యవే” అన్నాడు జనార్దనయ్య.

వరండాలోకి వచ్చి సైకిల్ పక్కన కూర్చున్నాడు. పానాను నట్టుకు తగిలించి, కుడిచెయ్యి చాలక ఎడమచెయ్యి కూడా వేసి నొక్కాడు. నట్టు కదల్లేదు. పళ్ళు బిగించి మళ్ళీ నొక్కాడు. మెడ నరాలు తేలాయి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పానా జారి బండల మీద ఖణేల్మంది.

పెంచలమ్మ చెయ్యి పానా వైపు సగందాకా వచ్చింది. అంతలోనే పైట కిందికి వెళ్ళిపోయింది.

“అన్నం తిన్న చెయ్యి, జారతాది” అంది కంగారుగా. “సాయంత్రం చూద్దాంలేరా.”

జనార్దనయ్య మూడోసారి పట్టుకున్నాడు. నట్టు వీసమంత కూడా తిరగలేదు.

“నువ్వు బిగించిన నట్టే గదా నాయనా” అంది రజిత, అర్థంగాక.

ప్రశాంత్ తండ్రి పక్కన కూర్చుని పానాను మెల్లగా తీసుకున్నాడు. అతని గొంతులో ఇందాకటి కోపం లేదు.

“చాల్లే నాయనా. హాస్టలోళ్ళకి నేను ఫోన్ చేస్తా.”

“చెయ్యొద్దురా!” పెంచలమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నీకు దండం పెడతా, చెయ్యొద్దు. ఆ ఎనిమిది నెలలు నువ్వాడ ఉన్నావు, నేనీడ ఉన్నాను. ముద్ద నోట్లో పెడితే మింగేవాడు గాదు. నన్నెందుకు బతికించినావే అని అడిగేవాడు. బండ్లు రాబట్టి మళ్ళీ మాట్లాడతా ఉండాడు, పొద్దున లేచి గడ్డం గీసుకుంటా ఉండాడు. ఇదీ తీసేస్తే మీ నాయన మనకి మిగలడురా. ఆ స్టాండొక్కటి తెప్పించు. బండ్ల సంగతి నేను… ఆయన చూసుకుంటాడు.”

“ఏం చూసుకుంటాడమా? చూసినావు గదా ఇప్పుడు!”

పెంచలమ్మ గోడకు ఆనుకుని, మోకాళ్ళు పట్టుకుని కూలబడింది. జనార్దనయ్య ఆమె పట్టుకున్న మోకాళ్ళ వైపు చూశాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఫోన్ చెయ్యొద్దురా” అన్నాడు. “హాస్టలు బండ్లు ఈడే చేస్తాం. స్టాండుకి ఇప్పుడే ఆర్డరు పెట్టు. మీ అమ్మ ఎత్తుకి సరిపోయేది చూడు.”

పెంచలమ్మ ఉలిక్కిపడి తలెత్తింది.

“అమ్మ ఎత్తెందుకు నాయనా?” అన్నాడు ప్రశాంత్.

జనార్దనయ్య కూతురి వైపు, కొడుకు వైపు చూసి, నెమ్మదిగా చెప్పాడు.

“నేను సాయంత్రం చేసిన బండ్లన్నీ, ఆ నట్టుతో సహా, నేను నిద్రలేవక ముందే రోజూ మళ్ళీ బాగుచేస్తుండేది మీ అమ్మే.”