మూడో ఫోన్

సుత్తె రెండోసారి లేచేసరికి హన్మవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. దెబ్బ ఆమె చూపుడువేలి మీద పడింది. గోరు చిట్లి రక్తం కారుతున్నా ఎనిమిదేళ్ల లహరి ఆగలేదు. గడప మీది ఫోన్ ముక్కలయ్యేదాకా బాది, సుత్తె పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"మీ మామ ఫోన్ బాయిల ఏసినవ్. ఇప్పుడు నాది. ఏం పొయ్యేకాలమే నీకు?" అంటూ హన్మవ్వ మనవరాలి వీపు మీద రెండు చరిచింది.

పిల్ల మస్కట్ నుంచి వచ్చి రెండు నెలలు. అక్కడ ఓ పెద్దింట్లో తండ్రి డ్రైవరు, తల్లి పుష్పలత వంటమనిషి. తండ్రి గుండె ఆగి పోయాడు. ఒప్పందం గడువు తీరేదాకా పుష్పలతను పంపేది లేదన్నారు ఆ ఇంటివాళ్లు. పిల్లను మాత్రం అక్కడే పనిచేస్తూ సెలవు మీద బోధన్ వస్తున్న దస్తగిర్ వెంట పంపారు. వచ్చిన పిల్ల పిల్లలా ఉందా? పిలిస్తే పలకదు. తిన్న కంచం తనే కడుగుతుంది. ఎవరు గొంతు పెంచినా మూలకు నక్కుతుంది. ఫోన్ కనబడితే మాత్రం పులి.

పాపం, ముసలామెకు బిడ్డ గొంతు వినందే ముద్ద దిగదు. బిడ్డ మస్కట్ వెళ్లిన ఈ నాలుగేళ్లలో ఒక్క రోజు తప్పలేదు. "ఊకె చెయ్యకవ్వా, నేనే చేస్త" అని పుష్పలత ఎన్నిసార్లన్నా, తల్లికి ఖర్చవుతుందని అంటోందనుకుని ఇంకోసారి ఎక్కువే చేసేది. ఇప్పుడు తన ఫోన్ పగిలి వారమైంది, ఆ గొంతు వినీ వారమైంది.

ఆ సాయంత్రం కొడుకు లింబయ్య బోధన్ నుంచి మూడో ఫోన్ తెచ్చాడు. డబ్బా విప్పగానే లహరి ఎగిరి అతని మణికట్టు కరిచింది. పళ్లు దిగాయి. విదిలించినా వదల్లేదు. చెంప మీద ఒక్కటి పీకితే పోయి గోడకు తగిలింది. పెదవి పగిలింది. మళ్లీ లేచి మీదికే వచ్చింది. లింబయ్య చెరుకుగడ అందుకున్నాడు. గడ విరిగేదాకా కొట్టాడు.

"సాల్రా, పోరి సస్తది."

"నువ్వూకో అవ్వా. దెబ్బకు దయ్యమన్న దిగుతది."

తువ్వాలతో పిల్లను మంచం కోడుకు కట్టేశాడు. అది ఏడవలేదు. కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి.

"అక్కకు చెయ్ కొడుకా," అంది హన్మవ్వ.

రింగు పోతోంది. లహరి కళ్లు గట్టిగా మూసుకుంది.

"అవ్వా, మంచిగున్న," పుష్పలత గొంతు వినిపించింది. "పోరి మంచిగున్నదా? నేనే చేస్త తర్వాత..."

ఏదో పడిన చప్పుడు. ఫోన్ కట్టయింది.

"ఎప్పుడు గింతే, సిగ్నలుండదు," అని హన్మవ్వ కళ్లు తుడుచుకుంది. ఆ రెండు ముక్కలకే ఆమె కడుపు నిండింది. "మళ్ల చెయ్ కొడుకా."

"వద్దు అమ్మమ్మా."

రెండు నెలల్లో లహరి నోరు తెరవడం అదే మొదలు. హన్మవ్వ గబగబా తువ్వాల ముడి విప్పి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"ఎందుకు వద్దు బిడ్డా?"

"చెప్పద్దని మమ్మీ ఒట్టేయించుకుంది."

"నాకు చెప్తే తప్పు లేదు. చెప్పు నా తల్లీ."

లహరి పగిలిన పెదవి తుడుచుకుంది.

"నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల మేడం మమ్మీని కొడ్తది."