పెంటమ్మ వేలు

“ఈ సిమ్ము నీదా, కాదా? ఒక్కటే ముక్క చెప్పు!”

ఎస్సై జయరాజు బల్ల మీద గట్టిగా చరిచేసరికి పెంటమ్మ కుర్చీ అంచుకు జరిగింది. “నా తాన సెల్లే లేదు సారూ. సిమ్ము దీస్కొని నేనేం జేస్త?” అంది.

వనపర్తి పోలీసు ఆఫీసులో సైబర్ విభాగం గది అది. పేరు పెద్దదే గానీ ఉన్నవి రెండు కంప్యూటర్లు, కిర్రుమనే ఒక ఫ్యాను, ఒక ఇనుప బీరువా. ఒక కంప్యూటర్ ముందు సుప్రియ కూర్చుంది. ఫోన్లలో చెరిపేసినవాటిని బయటికి తీయడం, ఏది ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చిందో తేల్చడం ఆమె ఉద్యోగం. ఆమె సంతకం పెట్టిన రిపోర్టు నేరుగా కోర్టుకు వెళ్తుంది. అందుకే సంతకం దగ్గర మాత్రం ఆమె మహా పిసినారి.

కేసు చిన్నదేం కాదు. డిగ్రీ చదివే ఆడపిల్లల మొహాలను ఎవరో పాడు బొమ్మలకు అతికించి, వాళ్ల నాన్నల ఫోన్లకే పంపారు. వాళ్లలో వర్ష అనే అమ్మాయి వారం రోజులుగా దవాఖానలో ఉంది. ఆ బొమ్మలు వచ్చిన నంబరేమో పెంటమ్మ పేరు మీద ఉంది. పెబ్బేరు సంతలో గొడుగు కింద సిమ్ములు అమ్మేవాడి దగ్గర, ఆధార్ కార్డు చూపించి, వేలిముద్ర వేసి తీసుకున్న సిమ్ము.

“నువ్వు గాకుంటే ఎవనికిచ్చినవో చెప్పు, ఇడ్సిపెడ్త. లేకుంటే రేపు కోర్టు, ఆడికెల్లి జైలు.”

“నేను జైలుకు వోతే నా మేకలకు నీళ్లెవరు వెడ్తరు సారూ?” అని పెంటమ్మ బోరుమంది.

పాపం, ఆమె వెంట వచ్చిన దిక్కు ఒక్కడే. ఊళ్లో ఆధార్ పనులు చేసే దుకాణం నడిపే మహిపాల్. కానిస్టేబుల్ ఫోన్ చేస్తే తన బండి మీదే ఎక్కించుకొచ్చాడు. దారిలో చాయ్ కూడా తాగించాడట. బయట వరండాలో కూర్చుని ఉన్నాడు. ఈ రోజుల్లో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారని సుప్రియ పొద్దున్నే అతనికి థ్యాంక్స్ చెప్పింది.

“సార్, ఒక్కసారి ఇది చూడండి,” అంది సుప్రియ తెర వైపు చూపిస్తూ. “సిమ్ము ఇచ్చేటప్పుడు మనిషిని ఎదురుగా నిలబెట్టి ఫొటో తియ్యాలె. ఇది అట్ల తీసింది కాదు. కార్డు మీది ఫొటోకే మళ్ల ఫొటో తీసిండ్రు. నొసటి మీద కార్డు ప్లాస్టిక్ మెరుస్తుంది, చూడండి.”

“ఫొటోకు ఫొటో తీస్తరు మేడం. వేలుకు వేలు యాడికెల్లి దెస్తరు? వేలు కలిసిందా, లేదా?”

“కలిసింది సార్.”

“ఇగ అయిపాయె!”

సుప్రియకు మనసొప్పలేదు. సిమ్ములవాడి దగ్గర పట్టుకొచ్చిన వేలిముద్ర మిషన్ను బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టింది. “అవ్వా, జర బొటనవేలు పెట్టు.”

పెంటమ్మ పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. వేలు తుడిచి పెట్టించింది. మళ్లీ ఎర్ర లైటే. తడిపి పెట్టించింది, చెయ్యి మార్చి పెట్టించింది. పది వేళ్లూ అయిపోయాయి, పచ్చ లైటు మాత్రం వెలగలేదు. సుప్రియ ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. వేలి కొసలు గోలీల్లా నున్నగా ఉన్నాయి.

“డ్యాముల కాడ రాళ్లు మోసిన బిడ్డా. గీతలన్ని ఆడనే వోయినయ్,” అంది పెంటమ్మ సిగ్గుపడుతూ.

సుప్రియకు ప్రాణం లేచొచ్చింది. “సార్! వేలే పడని మనిషి సిమ్ము ఎట్ల తీసుకుంటది?”

జయరాజు నవ్వి, ఫైల్లోంచి ఒక కాగితం లాగి ఆమె ముందు పెట్టాడు. “రేషన్ దుకాణంకెల్లి తెప్పిచ్చిన. రెండేండ్ల సంది నెలనెలా ఈమె వేలు పడుతనే ఉన్నది. మొన్న గూడ పడ్డది. ఆడ పడ్డ వేలు ఈడెందుకు పడదు? కావాల్నని వంకరగ వెడుతుంది. నాటకాలు!”

సుప్రియ కాగితం చూసింది. నిజమే. ఒక్క నెల కూడా తప్పలేదు. నీరుగారిపోయి, “రేషన్ కాడ నీ వేలు పడ్తదా అవ్వా?” అని అడిగింది.

“పడ్తది బిడ్డా, అబద్ధమెందుకు? అంతకుముందు పడకుంటుండె. బియ్యం బందైనయ్. గప్పుడు మా మహిపాల్ సారే ఆధార్ కొత్తగ చేయించిండు. గప్పటి సంది పెట్టుడుతోనే పడ్తది. దేవుడసొంటోడు.”

“విన్నరా మేడం? తన నోటితోనే చెప్పింది. రాసెయ్యండి రిపోర్టు,” అన్నాడు జయరాజు.

సుప్రియ పెన్ను తీసింది, మళ్లీ కింద పెట్టింది. సంతకానికి చెయ్యి రాలేదు. “అవ్వా, ఆఖరుసారి అడుగుతున్న. రేషన్ కాడ ఎట్ల పెడ్తవో ఈడ గూడ అచ్చం గట్లనే పెట్టు. ఈ ముచ్చట ఇయ్యాలనే తేలిపోతది.”

పెంటమ్మ మొహం విప్పారింది. “గట్లనే పెట్టాల్నా? గీ మాట ముందుగాల జెప్పొద్దా బిడ్డా, పొద్దుగాల సంది పరేషాన్ జేస్తిరి!” అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. గబగబా గుమ్మం దాకా వెళ్లి వరండాలోకి కేకేసింది.

“మహిపాల్ సారూ! జర లోపటికొచ్చి నా వేలు పెట్టిపో. రేషన్ కాడ నా బదులు నీ బొటనవేలు పెడ్తవు గద, గట్లనే!”