తుమ్మచెక్క

"ఏమిటది?" అన్నారు భాస్కరరావుగారు, పికప్ వెనక చక్రం వైపు వేలు చూపిస్తూ.

బెంజమిన్ వంగి చూశాడు. చక్రానికి అడ్డంగా మూరెడు తుమ్మచెక్క ఇసుకలో కూరుకుని ఉంది.

ముక్తేశ్వరం రేవులో, గోదావరి దాటించే పంటు దిగి పైకి ఎక్కే ఏటవాలు దారి అది. 2004 ఎండాకాలం. కంపెనీ కొత్తగా తయారుచేసిన ఆ పెద్ద పికప్‌కి క్లచ్చు లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. ఆ గేరుపెట్టె ఎంతకాలం మన్నుతుందో తేల్చే పని బెంజమిన్‌కి అప్పగించారు. రెండు టన్నుల కొబ్బరికాయలతో ఏటవాలు ఎక్కాలి. సగంలో ఆపి, గేరు పార్కులో పెట్టి, హ్యాండుబ్రేకు వెయ్యకుండా పది నిమిషాలు వదిలెయ్యాలి. గేరుపెట్టెలోని ఇనప పన్ను ఒక్కటే బండిని పట్టి ఉంచాలి. పదిహేను రోజుల్లో ఆరువందల సార్లు పట్టి ఉంచిందని బెంజమిన్ పుస్తకంలో గీతలున్నాయి. పైన గట్టు మీద, బండి ముందువైపు కూర్చుని అతను గీసినవే అన్నీ. ఈ రిపోర్టు బాగుంటే ఉద్యోగం పర్మినెంటు. అది చూడ్డానికే పెద్దింజనీరు భాస్కరరావుగారు చెన్నై నుంచి వచ్చి, చెప్పాపెట్టకుండా పంటు దిగారు.

"ఎవరు పెట్టారిది?"

"నేనేనండి," అంటూ డ్రైవర్ గంగరాజు ముందుకొచ్చాడు. ముప్పై ఏళ్ళు కొబ్బరి లారీ తోలిన మనిషి.

"ఇవాళేనా?"

"అబ్బే, ప్రతిసారీనండి. ఒక్కసారి కూడా మానలేదండి ఆయ్!" మెచ్చుకుంటారనుకున్నాడో ఏమో, తలపాగా సర్దుకున్నాడు.

"ఎందుకు పెట్టారండీ బాబాయ్ గారూ?" అన్నాడు బెంజమిన్.

"వాల్లో ఆపిన బండికి చెక్క వెయ్యకపోతే ఎలాగండి? కింద పంటు కోసం ఆడాళ్ళు, పిల్లలు నిలబడుంటారు. లోపల పన్నుందని మీరంటున్నారు, నేనేమన్నా చూసేనా? చెక్కయితే కంటికి కనపడుద్దండి."

"మరి ఆ పది నిమిషాలూ బరువు మోసింది గేరా, చెక్కా?" అన్నారు భాస్కరరావుగారు.

గంగరాజు చెక్కకేసి, బండికేసి చూశాడు. "ఇద్దరూ చెరోసగం మోసుంటారండి."

భాస్కరరావుగారు తల పట్టుకున్నారు. "బెంజమిన్! ఆరువందలూ కొట్టెయ్. రేపటినుంచి మళ్ళీ ఒకటో లెక్క. ఈయన్ని పంపించెయ్. చెక్క అలవాటు లేని మనిషిని చూడు."

"ఈ గట్టు మీద అలాంటోడు దొరకడండి," అన్నాడు గంగరాజు మెల్లగా. లారీ అమ్ముకున్నాక మూడేళ్ళు ఖాళీగా అరుగు మీద కూర్చున్నవాడు. స్టీరింగు మళ్ళీ చేతికొచ్చింది ఈ పదిహేను రోజులే.

అతను చెక్కని ఊడలాగి, తువ్వాలుతో ఇసుక తుడిచాడు. "లారీ అమ్మేసేను గానీ ఇది అమ్మలేదండి. మా క్లీనరు, దానం అనేవోడు చెక్కిందండి ఇది. ఈ బెంజమిన్ బాబు తండ్రేనండి. లారీ ఆగీ ఆగకుండానే దూకేవోడు. చెక్క వేసి, బాడీ మీద రెండు దెబ్బలు కొట్టేవోడు, ధబ్ ధబ్ మని. ఆ రెండు దెబ్బలూ వినపడితేనే నేను బ్రేకు మీంచి కాలు తీసేవోణ్ణి. దానం నడుం పట్టేసిన ఏడు, ఇంజనీరింగు చదువుకుంటానే సెలవులకొచ్చి ఈ బాబే దూకేడండి. ఓ చేతిలో పుస్తకం, ఓ చేతిలో చెక్క!"

బెంజమిన్ తల దించుకున్నాడు. కొబ్బరి పీచు వాసన, తడిసిన తాడు వాసన, డీజిలు వాసన ఒక్కసారి ముక్కుకి తగిలాయి. తెల్లవారుజామున ఈ రేవులోనే, లారీ నీడలో, నాన్న తన పళ్ళెంలోంచి చేపముక్క తీసి అతని చద్దన్నంలో వేసేవాడు. "గట్టిగా కొట్టరా, గంగరాజుగారికి వినపడాలి" అనేవాడు.

"నిజమేనా?" అడిగారు భాస్కరరావుగారు.

"నిజమేనండి. అదంతా ఎప్పటి మాటోనండి. పదేళ్ళయింది, ఇప్పుడేం గుర్తులేదండి."

"అయితే ఇంకెవరో ఎందుకు? నువ్వే తోలు. చెక్క లేకుండా ఒక్కసారి నా కళ్ళముందు నిలబెట్టు. తర్వాత సంగతి తర్వాత."

గంగరాజు చెక్కని బండి వెనక కొక్కేనికి తగిలించి, భాస్కరరావుగారితో పాటు గట్టెక్కి నిలబడ్డాడు. బండి తాళం చేతినుంచి పోయినట్టే అతని మొహం ఉంది.

బెంజమిన్ బండిని కిందికంటా దింపి, మళ్ళీ ఎక్కించుకొచ్చాడు. సరిగ్గా సగంలో ఆపాడు. పార్కులో పెట్టాడు. బ్రేకు మీంచి కాలు తీశాడు. కొబ్బరికాయల బరువుకి బండి రెండంగుళాలు వెనక్కి జారి, టక్కుమని నిలబడిపోయింది.

"భేష్!" భాస్కరరావుగారు వాచీ చూసుకున్నారు. బెంజమిన్ తలుపు తీసుకుని దిగి, చక్రం దగ్గర జారుడు కొలవడానికి బండి వెనక్కి వెళ్ళాడు.

"చూశారా గంగరాజుగారూ? చదువంటే అదీ! నాలుగు ముక్కలు చదువుకున్నాక మనిషి లెక్కని నమ్ముతాడు గానీ, చెక్కని నమ్మడు," అన్నారు భాస్కరరావుగారు.

గంగరాజు జవాబు చెప్పేలోపే, బండి వెనకనుంచి గట్టిగా రెండు దెబ్బలు వినిపించాయి, ధబ్ ధబ్ మని.