మూడో పిలుపు

నల్లగొండ శివారులో కూల్చిన ఇళ్ల శిథిలాలను పిండిచేసే ప్లాంటులో తిరుమల సూపర్‌వైజరు. వరుసగా రెండో డ్యూటీ చేస్తూ నిలబడే కునికిపాట్లు పడుతోంది. ఆఖరి కుప్పలో ఒక గడప కనిపించింది. ఆ ఇల్లు కూల్చి నాలుగు రోజులైంది. గడప మీద పసుపు మాత్రం ఇంకా తడిగా ఉంది.

వెంటనే మిషన్ ఆపించింది.

"లోపల ఎవరన్న ఉన్నరా?" అని పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. చప్పుడు లేదు.

"నిద్రమత్తుల నీకేమేమో కనవడుతున్నయ్ పిల్లా. కుప్పను మిషన్ల ఏసి, ఇంటికి పోయి పండుకుందాం," అన్నాడు లోడర్ నడిపే బక్కయ్య.

సరేనని చెయ్యి ఊపబోయి ఆగింది. రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకొద్దని చిన్నప్పుడు అవ్వ నేర్పింది. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినవాళ్లెవరూ రెండో పిలుపుకు పలకరు. శిథిలాల కింద నిజంగా మనిషే ఉంటే?

"ఇంకొక్కసారి పిలుస్త, కాకా."

"తెల్లారేదాంక పిలువు. నేనైతే సీట్లనే పండుకుంట."

తిరుమల కుప్ప మీదికి వంగింది. పిలిచే ముందు ఇటుకలకు చెవి ఆనించింది.

ఇటుకల అడుగు నుంచి ఒక ఆడగొంతు మెల్లగా అంది: "పిలువు బిడ్డా. రెండుసార్లే అయింది."